ఇరువదిరెండు చుట్లు

మా మైదుకూరు నాలుగుత్రోవల కూడలి. కడపనుండి కర్నూలునకుఁ బోవు బండ్లును, ప్రొద్దుటూరునుండి బద్వేలునకుఁ బోవు బండ్లును ఇచ్చట ఒకదానినొకటి దాఁటుకొని పోవలసినదే. అందుచేత ఊరిలో మరమ్మతుషెడ్లకుఁ గొదువలేదు. ట్రాక్టరు గాని, బోరులారీ గాని, ఉల్లిగడ్డల లారీ గాని, ఏది నిలిచిపోయినను దాని వైద్యము ఆ రేకులషెడ్లలోనే జరుగును. "ఆ మంట దిక్కు సూడాకురా, కండ్లు పోతాయి" అని పిల్లలను గదుముట మా వీధి తల్లులకు నిత్యకృత్యము.

గడచిన వేసవిలో అట్టి షెడ్డొకదానిలో ఒక మూలను మా మఱఁది కుమారుఁడును, వాని సహపాఠులు నలుగురును అద్దెకుఁ బుచ్చుకొనిరి. ఇంజనీరింగు చదువు విద్యార్థులు తమ చేతులతోనే చిన్న పందెపుకారు నిర్మించి, కోయంబత్తూరునకుఁ గొనిపోయి, ఇతర కళాశాలలవారితోఁ బోటీపడు పద్ధతి యొకటి మనదేశమున నున్నది. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదులో హుస్సేనుసాగరు ప్రక్కను విద్యుత్తుతో నడచు పందెపుకార్లు పరుగిడుట మా పిల్లవాఁడు కన్నులారఁ జూచివచ్చెను. మఱుసటి యేఁడు ఆ పందెము రద్దయినది. కాని వీనికిఁ బట్టిన పిచ్చి మాత్రము రద్దుకాలేదు.

ఒకనాఁటి సాయంకాలము మా తోడికోడలు కళ్ళములో పసుపుకొమ్ములు ఆరఁబోసి, ఆ పచ్చని చేతులతోనే నాయొద్దకు వచ్చి వంటయింటి గడపమీఁదఁ గూర్చుండెను.

"అక్కా, వీడు యాభైవేలు ఇయ్యమంటాండాడు. పసుపమ్మితే వచ్చే దుడ్డు అది. పోయినాక మళ్ళా వచ్చేది లేదంట. గెలిస్తే ఏమన్నా ఇస్తారా అంటే అదీ పెద్దగా లేదంట. మరెందుకురా అంటే నగుతాండాడు" అనెను.

నాకు యంత్రశాస్త్రము తెలియదు. అయినను ఆ పిల్లవాని మాటలు వినివిని, వాఁడు తెచ్చియిచ్చినవి కొన్ని చదివి, ఈ పందెముల చరిత్రలో నొక కథ నా మనస్సున నాటుకొన్నది. ఆ రాత్రి ఆమెకుఁ జెప్పినదానినే కొంచెము పెంచి యిచ్చట వ్రాయుచున్నాను. సోదరీమణులారా, ఇందు వంటసంగతి లేదని పుట త్రిప్పివేయకుఁడు.

గ్రాండ్ ప్రీ యనునది ఫ్రెంచిమాట. పెద్దబహుమాన మని యర్థము. ఈ పేరితో మోటారుకార్ల పందెము మొదట జరిగినది 1906లో, ఫ్రాన్సుదేశమున ల మాన్ పట్టణముకడ. 1950 మొదలుకొని దేశదేశములలో జరుగు ఇట్టి పందెముల ఫలితములనుబట్టి యేఁటేఁట ఒకరిని ప్రపంచవిజేతగా నెన్నుచున్నారు. ఇందుఁ బాల్గొను కారు మన మెఱిఁగిన కారువంటిది కాదు. అందుఁ గూర్చుండువాఁ డొక్కఁడే, పైకప్పు లేదు, చక్రములు నాలుగును ఒడలికి వెలుపల నుండును. ఈ పందెములకు వ్యయ మెంతయో యొక్క ముక్కలోఁ జెప్పెదను. 2021లో జట్టులవారి దుబారాను అరికట్టుటకై ఒక కట్టుబాటు చేసిరి. జట్టొక్కటి ఆ యేఁట పదునాలుగున్నరకోట్ల డాలర్లకు మించి వెచ్చింపరాదనిరఁట! తోలువాని జీతము ఈ లెక్కలోఁ జేరనే లేదు. అరికట్టిన పిమ్మట మాట యిది.

ఇంత ధనము పోయవలసిన చోట ముగ్గురు నలుగురు మనుష్యులు ఒక చిన్న షెడ్డులోఁ గూర్చుండి గ్రాండ్ ప్రీ కారు చేయఁబూనిరనఁగా నమ్మశక్యమా? కాని 1970 ప్రాంతమున అది సాధ్యమే యయ్యెను. కారణము ఒక్క ఇంజను. ఇంగ్లండులో కాస్వర్తు అను చిన్న సంస్థయందు కీత్ డక్వర్తు అను మేధావి ఫోర్డు కంపెనీవా రిచ్చిన లక్షపౌనుల ధనముతో ఎనిమిది సిలిండర్ల ఇంజను నొకదానిని రచించెను. 1967లో హాలండుదేశపు పందెమున అది తొలిసారి బరిలో దిగి, దిగిననాఁడే గెలిచెను. పిమ్మట ఏడువేల యైదువందల పౌనులు చేతఁబట్టుకొని పోయినవారి కెల్లరకును దానిని అమ్మసాగిరి. గేరుపెట్టెయు హ్యూలాండ్ అను మఱియొక సంస్థవారియొద్ద అమ్మకమునకు దొరకెడిది. ఇంట రోలులేని యిల్లాలు సయితము ఊరిలో పిండిమర వెలసినపిదప పండుగకు అరిసెలు వండఁగలిగినట్లు, ఇంజను చేయనేరనివారును కారు చేయఁగలిగిరి. కష్టమైన పని కొనితెచ్చుకొన్నచో, మిగిలినది రేకు, కమ్మి, బుద్ధి, ఓరిమి.

పీటర్ కానూ అను ఆంగ్లేయయువకునకు ఈ నాలుగింటిలోఁ గడపటి రెండును సమృద్ధిగా నుండెను. ఇతఁడు జాన్ సర్టీస్ జట్టులో కార్ల నమూనాలు గీయు ఉద్యోగి. ఈ సర్టీసు సామాన్యుఁడు కాఁడు. మోటారుసైకిళ్ళ పందెములలోను కార్ల పందెములలోను గూడ ప్రపంచవిజేత యనిపించుకొన్నవాఁడు ఆయన యొక్కఁడే. ఆయనవద్ద పని నేర్చిన కానూ ఆ కొలువు విడిచి, 1971లో తానే కారు కట్టుదునని బయలుదేఱెను. లండనునకుఁ దూర్పున చాడ్వెల్ హీత్ అనుచోట ఒక అద్దెషెడ్డు కుదుర్చుకొనెను. తోడు వచ్చినవారు మిత్రుఁడు రోజర్ డోరన్, బంధువు బారీ బూర్. తక్కిన జట్లవారికిఁ గార్ఖానాలు, యంత్రములు, జీతగాండ్రు నుండఁగా వీరికి షెడ్డు తలుపును, తమ చేతులును మాత్రమే యుండెను. ఇంజనుగూడ క్రొత్తది కాదు. ఒకరు వాడిన పాతదానినే సంపాదించిరి. కారునకు పి.సి.1 అని పేరిడిరి. రెండవది యెన్నఁడును పుట్టలేదు.

ఆ కాలపు పందెపుకారు ఒడలు ఎట్లుండునో తెలిసికొన్నచో వీరి పాట్లు బోధపడును. అల్యూమినియము రేకులను కొలిచి, కత్తిరించి, మడిచి, వందలకొలఁది రివిట్లతో బిగించి, నీళ్ళతొట్టివంటి రూపమున దానిని చేయుదురు. తోలువాఁడు ఆ తొట్టిలో సగము పండుకొన్నట్లు కూర్చుండును. వాని కిరుప్రక్కలను పెట్రోలు. వీపువెనుక ఇంజను. అనఁగా వాని ప్రాణమునకును నిప్పునకును నడుమ నున్నది ఆ రేకు మందమే.

ఈ మందమే వీరి కొంప ముంచినది. 1972 మొదలు పైరేకు మందము ఒకటిన్నర మిల్లిమీటరునకుఁ దక్కువ యుండరాదని క్రొత్త నిబంధన వచ్చెను. వీరు వాడిన రేకు అంతకన్న పలుచన. మేలైన నిబంధనయే, కాదనఁగూడదు. నిప్పుపాలై మరణించువారు ఆ దినములలో తఱచు. కాని రాత్రులు మేల్కొని కట్టుకొన్న తొట్టి ఇఁక పనికిరాదని తెలిసిననాఁడు ఆ షెడ్డులో నెట్లుండెనో ఊహింపుఁడు. పెండ్లికూఁతునకు రవికలన్నియుఁ గుట్టి ముగించిన పిదప కొలఁత తప్పినదని తెలిసినచో మనకెట్లుండును? గుడ్డయైన విప్పి మరలఁ గుట్టవచ్చును. రివిట్లు కొట్టిన రేకు మరల పనికిరాదు. వారు మొదటి తొట్టిని విడిచిపెట్టి, దళసరి రేకుతో సరిక్రొత్తగా మొదలిడిరి. అది ముగియునప్పటికి ఆ యేఁటి పందెములు దాదాపు సగము జరిగిపోయెను.

తోలువాఁడుగా ఫ్రాన్స్వా మీగో అను ఫ్రెంచివాఁడు కుదిరెను. గ్రాండ్ ప్రీలకుఁ బుట్టినిల్లని చెప్పఁదగిన ల మాన్ పట్టణమే యీతని జన్మస్థలము. అప్పటి కిరువదియేడేండ్లవాఁడు.

1972 జూలై నెల. ఇంగ్లండులోని బ్రాండ్స్ హ్యాచ్ కడ బ్రిటిషు గ్రాండ్ ప్రీ. కారు అక్కడికిఁ జేరెను. ఇరుగుపొరుగున నున్నవి లోటస్, ఫెరారీ, మెక్‌లారెన్ మొదలగు మహాసంస్థల బండ్లు. పందెమునకు ముందు అందఱును అభ్యాసమునకై త్రోవపై చుట్లు తిరుగుదురు. అప్పుడు కానూగారి కారు సస్పెన్షనులో లోపము బయటపడెను. సస్పెన్షననఁగా చక్రమును ఒడలితో సంధించు కమ్మీలును స్ప్రింగులును. గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగమున పోవునపుడు ఆ కమ్మి యొక్కటి తెగినచో చక్రము చక్రముదారిని, బండి బండిదారిని పోవును.

బండి పందెమునకు దిగలేదు.

ఈ కథలో నా మనస్సునకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిదియే. పందెము గెలిచినవారి కథలు పుస్తకములనిండ నున్నవి. కాని యేఁడాదికిఁ బైగా ఒడలు హూనము చేసికొని, ఉన్నదంతయు నూడ్చిపెట్టి, స్వదేశములో, స్వజనులయెదుట, తుదకు గుమ్మముదాఁక వచ్చి, "వలదు, వెనుకకుఁ ద్రిప్పుఁడు" అనవలసివచ్చుట ఎంత కష్టమో! కొంచెము తెగించి పంపియుండిన నేమగునో యెవరికిఁ దెలియును? ఏమియుఁ గాకపోవచ్చును. కాని ఆ తొట్టిలోఁ గూర్చుండువాఁడు పరాయితల్లి బిడ్డ. అంతకు రెండేండ్లకు ముందే, 1970 సెప్టెంబరులో, యోకెన్ రింట్ అను మహావీరుఁడు ఇటలీలో మోంజాకడ అభ్యాసముననే బండి అదుపుతప్పి మరణించియుండెను. అప్పటికి సంపాదించిన పాయింట్లను ఎవరును మించలేకపోఁగా, మరణించినవానికే ఆ యేఁటి ప్రపంచవిజేత బిరుదము దక్కెను. అట్టి బిరుదము నే యిల్లాలు కోరును?

కానూ జట్టువారు షెడ్డునకు మరలివచ్చి లోపమును సరిచేసికొనిరి. నెలదినములు గడవకముందే, ఆగస్టు 13వ తేదీని, ఆస్ట్రియాలోని కొండప్రాంతమున ఓస్టెరైక్ రింగ్ అను త్రోవపై జరిగిన గ్రాండ్ ప్రీలో మీగో ఆ కారు నెక్కి నిజముగాఁ బందెమున దిగెను. చుట్టొక్కటి దాదాపు ఆఱు కిలోమీటర్లు. మొత్తము ఏఁబదినాలుగు చుట్లు. ఎత్తుపల్లములు, వేగమైన మలుపులు. బ్రజిలు దేశస్థుఁడు ఎమర్సన్ ఫిట్టిపాల్డి ముందు పోవుచుండఁగా, ఈ షెడ్డులోఁ బుట్టిన బండి వెనుక వెనుకనే అయినను పోవుచుండెను. ఒకచుట్టు, రెండుచుట్లు, పది, ఇరువది. ఇరువదిరెండు చుట్లు ముగిసినపిదప వెనుక సస్పెన్షను విఱిగి బండి నిలిచిపోయెను. మీగో క్షేమముగా దిగివచ్చెను. ఫిట్టిపాల్డి ఆ పందెమును గెలిచి, ఆ యేఁటికిఁ బ్రపంచవిజేత యయ్యెను.

ఇరువదిరెండు చుట్లనఁగా సుమారు నూటముప్పది కిలోమీటర్లు. మా యూరినుండి కడపకు మూఁడుమారులు పోయినంత. ప్రపంచవిజేతను నిర్ణయించు పందెములలో ఆ కారు నడిచిన దూరమంతయు నింతే.

తరువాతి సంగతి త్వరగా ముగింతును. ఆ శరదృతువున బ్రాండ్స్ హ్యాచ్‌లో జరిగిన వేఱొక పందెమునకు డేవిడ్ పర్లీ యనువాఁడు ఆ కారును తోలవలసియుండఁగా విద్యుత్తుతీగెల లోపముచే అదియు సాగలేదు. 1973లో ఇంజను మార్చి, తక్కువతరగతి పందెములకుఁ దగినట్లు దానిని మలఁచిరి. ఆ యేఁడే ఒక పందెమున ప్రమాదమునకు లోనై బండి చెడిపోయెను. జట్టు చెదరిపోయెను.

పర్లీ పేరు వచ్చినది కాఁబట్టి ఒక్కమాట చెప్పక విడువలేను. 1973 జూలై 29వ తేదీని హాలండులో జాండ్వోర్ట్ కడ పందెము జరుగుచుండఁగా రోజర్ విలియమ్సన్ అను యువకుని కారు తలక్రిందులై మంటలలోఁ జిక్కెను. వెనుక వచ్చుచున్న పర్లీ తన పందెమును మాని, బండి దిగి, త్రోవకు అడ్డముగాఁ బరుగెత్తి, మండుచున్న కారును ఒంటిచేత నెత్తిపెట్టుటకుఁ బెనఁగులాడెను. మంటలార్పు పరికరము నొకదానిని లాగికొని చల్లెను. చేరువనున్న ఉద్యోగులకు నిప్పుసోఁకని దుస్తులు లేవు. వారు దగ్గఱకు రాఁజాలకపోయిరి. తక్కిన కార్లు ప్రక్కనుండి పోవుచునే యుండెను. విలియమ్సన్ మరణించెను. అది వాని రెండవ గ్రాండ్ ప్రీ. పర్లీకి బ్రిటిషుప్రభుత్వము జార్జిమెడలు నొసఁగినది. ఈ పర్లీయే 1977లో తన యింటివారి వ్యాపారసంస్థ పేర లెక్ అను గ్రాండ్ ప్రీ కారును చేయించెను. ఆ సంస్థవారు చేయునది మన యింటింట నుండు రెఫ్రిజిరేటర్లు! అదియుఁ జిన్న జట్టే, అల్పాయువే. మూఁడు పందెములలో నడిచిన పిమ్మట సిల్వర్‌స్టన్ కడ అభ్యాసములో బండి గోడను ఢీకొనెను. కాళ్ళు నుగ్గునుగ్గయ్యును పర్లీ బ్రతికెను.

ఇంతదాఁక విని మా తోడికోడలు, "ఇట్లాంటివే అయితే ఆ యాభైవేలు ఇయ్యకపోయేదే మేలు కదక్కా" అనెను. ఆమె భయము నాకు తెలియనిది కాదు. కథ చెప్పఁబోయి దడిపించితినని నాకే సిగ్గయ్యెను.

అందుచే కోయంబత్తూరు సంగతియుఁ జెప్పితిని. అచ్చట కరివర్ధన్ అను పారిశ్రామికుఁ డుండెను. అతఁడు స్వయముగాఁ బందెములలో కార్లు తోలినవాఁడు. విదేశపు పందెపుకార్లు మనపిల్లలు కొనఁజాలరని గ్రహించి, అతఁడు గ్రాండ్ ప్రీ శిఖరముమీఁదికి నిచ్చెన వేయక, నేలమీఁదనే మెట్టు కట్టెను. మన వీధులలోఁ దిరుగు మారుతీ 800 కారు ఇంజనునే తీసికొని, దానిచుట్టును ఒక్కరు కూర్చుండు చిన్న పందెపుకారు నిర్మించెను. ఇది 1988నాఁటి మాట. చౌక, చెడినచో బాగుచేయు సామాను ఊరూర దొరకును. ఆ చిన్నకార్లలో చేయి తిరిగినవారిలో నారాయణ్ కార్తికేయన్ ఒకఁడు. 2005లో గ్రాండ్ ప్రీలో దిగిన మొదటి భారతీయుఁ డతఁడే. కరివర్ధన్ దానిని చూడలేదు. 1995లోనే చిన్నవిమానము కూలి గతించెను. కోయంబత్తూరులోని పందెపుత్రోవ యొకటి అతని పేరనే వెలసియున్నది. మా పిల్లలు చేయుచున్న బండి పరుగిడవలసిన ఊరును ఆ కోయంబత్తూరే.

కానూ తెలివి తక్కువవాఁడనియు, కరివర్ధన్ తెలివిగలవాఁడనియు నే ననను. ఒకఁడు శిఖరమును తాఁకి చూచెను, ఒకఁడు మెట్టు కట్టెను. అయినను నన్నడిగినచో మా పిల్లవానికి రెండవవాని లెక్క చెప్పుదును; మొదటివాని కథ మాత్రము తిరిగితిరిగి చదువుకొందును. ఇది ఆఁడుదాని చపలబుద్ధి యని మావారు నవ్వుదురు. నవ్వనిండు.

మా తోడికోడలు చాలసేపు మాటాడక కూర్చుండి, తుదకు, "ఆ తొలీసారి, పందెం కంటే ముందర లోపం ఉండేది తెలిసింది కదా. ఎవరు సూసినారక్కా?" అని యడిగెను.

"ముందర తోలి సూస్తారు కదా, అప్పుడు తెలిసింది" అంటిని.

"మనోళ్ళది ఎవరు సూస్తారు?"

ఈ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. మఱునాఁడు ఉదయము ఆమె రాగిసంగటియు ఊరుబిండియు టిఫినుడబ్బాలో పెట్టుకొని తానే షెడ్డునకుఁ బోయెను. నేనును వెంటఁబోతిని. గొట్టములు అతికి చేసిన పంజరమువంటి దొకటి నాలుగు ఇటుకలమీఁద నుండెను. చక్రములు ఇంకను లేవు. అతుకులన్నియు పిల్లలే వేసిరఁట. వాటిని పెద్దపనివారెవరైన చూచిరా యని ఆమె యడుగఁగా ఒకరి మొగ మొకరు చూచుకొనిరి.

ఆ షెడ్డులోనే ట్రాక్టరుతొట్లు అతుకు ముసలిసాయిబు ఒకఁ డున్నాఁడు. ముప్పదియేండ్ల అనుభవము. ఆమె ఆయనను పిలిచి, "ఒక్కసారి సూడు మామా" అని బతిమాలెను. ఆయన సుత్తి యొకటి తీసికొని అతుకు అతుకునకును తట్టుచు, వంగి చూచుచు వచ్చి, వెనుకచక్రమును పట్టియుండవలసిన కమ్మికడ ఆఁగి, మరల రెండుమారులు తట్టి, సుద్దముక్కతో గుండ్రము గీసెను. "పైపూత బాగుంది, లోపల పట్టలేదు" అనెను. మా పిల్లవాని మొగము చిన్నఁబోయెను. తక్కినవారిలో నొకఁడు అప్పుడే రంపము తెచ్చెను.

ఆమె ఆ పూట ఇరువదివేలు ఇచ్చెను. మిగిలిన ముప్పదివేలు పసుపమ్మిన పిదప నిత్తుననియు, అదియును సాయిబుమామ అన్ని అతుకులను చూచి సరియన్న తరువాతనే యనియు చెప్పెను. సుద్దగీఁతలు మొత్తము మూఁడు తేలినవి. రెండు కోసి మరల అతికిరి. మూఁడవది నిన్నటివఱకు ఇంకను మిగిలియే యున్నది. పసుపుబస్తాలును ఇంకను ఇంటనే యున్నవి. ధర కొంచెము పెరుగునేమోయని మా మఱఁది చూచుచున్నాఁడు.